క్యాజువాలిటీలో వైద్యం ఎలా జరుగుతోందో శాంపిల్‌తో తేల్చడం: మొదటి నుంచి చివరి దాకా

"నెలకు ఎన్ని కేస్ షీట్లు చూస్తే సరిపోతుంది?" ఆసుపత్రి క్వాలిటీ సెల్‌లో కొత్తగా చేరిన సిస్టర్లు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదివి వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అంకె చెప్పడం తేలికే, కింద లెక్కతో సహా చెబుతాను. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ షీట్లను ఎక్కడి నుంచి తీస్తున్నారు? ర్యాక్‌లో చేతికందిన 200 ఫైళ్ల కంటే, రిజిస్టర్ చూసి లాటరీ పద్ధతిలో తీసిన 60 ఫైళ్లు ఎక్కువ నిజం చెబుతాయి.

ఇలా కేస్ షీట్లు తీసి వైద్యం ఎలా జరిగిందో సరిచూడడాన్నే ఆడిట్ అంటాం. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు 10 నిమిషాల్లోపు ఈసీజీ తీశామా? గుండెపోటు చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన గడువు అది. లెక్కల్లో వాడిన ఆసుపత్రి ఊహించినది: నెలకు క్యాజువాలిటీకి 3,600 మంది, వారిలో ఛాతీ నొప్పి కేసులు 180. మీ అంకెలు పెట్టి అదే లెక్క చేసుకోండి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"క్యాజువాలిటీ పనితీరు ఎలా ఉంది?" అన్నది కొలవగలిగే ప్రశ్న కాదు. ఇలా రాయండి: "జూన్ నెలలో, గాయం వల్ల కాకుండా, ఛాతీ నొప్పితో వచ్చిన 30 ఏళ్లు పైబడినవాళ్లలో ఎంత శాతం మందికి, లోపలికి అడుగుపెట్టిన 10 నిమిషాల్లో మొదటి ఈసీజీ తీశాం?"

ఈ వాక్యంలో నాలుగు నిర్ణయాలు ఉన్నాయి. ఎవరిని లెక్కలోకి తీసుకుంటాం, ఎవరిని తీసేస్తాం, గడియారం ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది. నాలుగూ కాగితం మీద పెట్టాకే ముందుకు కదలండి.

తీసేయాల్సినవాళ్ల గురించి ముందే మాట్లాడుకోండి. వేరే ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకుని రిఫరల్ మీద వచ్చినవాళ్లను ఏం చేస్తారు? ప్రాణం పోయాక తీసుకొచ్చినవాళ్లను? ఫలితం చూశాక ఈ నిర్ణయాలు తీసుకుంటే, తెలియకుండానే శాతం పెరిగే వైపు మొగ్గుతాం.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటి. "గుండెపోటు అని డయాగ్నసిస్ రాసిన కేసులు తీయండి" అంటారు. అలా తీస్తే, గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేసిన మనిషి మీ జాబితాలోకే రాడు. అసలు ఈసీజీ తీయకుండా వదిలేసింది అతన్నే కావచ్చు. అందుకే ఎప్పుడూ రోగి చెప్పిన బాధను బట్టి తీయండి, చివర్లో రాసిన జబ్బు పేరును బట్టి కాదు.

మొదటిసారికి ఒకటి లేదా రెండు కొలతలు చాలు. సెప్సిస్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయినప్పుడు) గంటలోపు యాంటీబయాటిక్, పక్షవాతం అనుమానం ఉన్నవాళ్లకు సీటీ స్కాన్ ఎంతసేపట్లో తీశారు, నొప్పికి మందు ఎప్పుడిచ్చారు, ఇవన్నీ మంచి కొలతలే. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే మూడో నెలకే పని ఆగిపోతుంది.

2. జాబితా తయారుచేయండి: ఇక్కడే ఆడిట్ నిలబడుతుంది లేదా కూలుతుంది

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ అడుగు మీదే. నా అనుభవంలో తప్పుడు రిపోర్టుల్లో ఎక్కువ భాగం ఫార్ములా తప్పి కాదు, జాబితా తప్పి వచ్చినవే.

మెడికల్ రికార్డ్స్ గదిలో ర్యాక్ మీద ఉండే ఫైళ్లు ఎవరివి? బాగై ఇంటికెళ్లినవాళ్లవి, కాగితాలన్నీ సరిగా ఉన్నవాళ్లవి. మిగతా ఫైళ్లు ఎక్కడుంటాయో చూడండి:

- చనిపోయినవాళ్ల ఫైళ్లు: మరణాల సమీక్ష కమిటీ దగ్గర
- ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్) కేసులు: తాళం వేసిన వేరే బీరువాలో
- ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ కేసులు: క్లెయిమ్‌ల గదిలో
- అడ్మిట్ అయినవాళ్లవి: ఇంకా వార్డులోనే, రోగి మంచం దగ్గర
- పెద్దాసుపత్రికి రిఫర్ చేసినవాళ్లవి: ఒక్కోసారి ఒరిజినల్ షీటే వాళ్లతో వెళ్లిపోతుంది
- చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లవి, వైద్య సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి వెళ్లినవాళ్లవి: ఓపీ చీటీ తప్ప ఏమీ మిగలదు

అంటే వైద్యం తడబడే అవకాశం ఎక్కువ ఉన్న కేసులే ర్యాక్ మీద కనిపించవు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో మొదటి ఆడిట్‌ను ర్యాక్ నుంచే చేశాను. ఫలితం చాలా బాగా వచ్చింది, మీటింగ్‌లో చప్పట్లు కూడా కొట్టారు. తర్వాతి నెల రిజిస్టర్ నుంచి పేర్లు తీసి ఫైళ్ల కోసం వెతికితే చాలావరకు ర్యాక్‌లో లేవు. వారం రోజులు తిరిగి పోగు చేశాక చూస్తే, ఈసీజీ ఆలస్యమైన కేసులు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి. ముందు నెల ఇచ్చిన రిపోర్టు తప్పని నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది. ఆ నెలంతా రాత్రి డ్యూటీలో ఒక ఈసీజీ టెక్నీషియన్‌ను పెంచాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

జాబితా తయారీ ఇలా చేయండి:

1. గుమ్మం దగ్గర నమోదయ్యే రిజిస్టర్ తీసుకోండి. ట్రయాజ్ (రాగానే ఎవరిని ముందు చూడాలో తేల్చడం) రిజిస్టర్ ఉంటే అదే మేలు.
2. నెలలో అన్ని తేదీలూ, మూడు షిఫ్టులూ ఉన్నాయో చూడండి. ఒక రాత్రి పేజీ ఖాళీగా ఉంటే కారణం కనుక్కోండి.
3. సీరియల్ నంబర్లలో తెగిపోయినవి, రెండుసార్లు పడినవి సరిచేయండి.
4. ఛాతీ నొప్పి కేసులన్నీ వచ్చిన సమయం వరుసలో రాసి, 1 నుంచి నంబర్లు వేయండి. "గుండెల్లో మంట", "ఎద నొప్పి", "ఆయాసం, చెమటలు" అని రాసినవాటిని ఏం చేయాలో డాక్టర్‌తో ముందే తేల్చుకోండి.
5. వేరే దారిలో సరిచూడండి. ఈసీజీ మెషిన్ మెమరీ, ల్యాబ్‌లో ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష) రిజిస్టర్, 108 అంబులెన్స్‌లో వచ్చినవాళ్ల నమోదు. వీటిలో ఉండి మీ జాబితాలో లేని పేర్లు దొరికితే కలపండి.

ఐదో అడుగును బద్ధకించి వదిలేయకండి. గంటన్నర పని, కానీ జాబితాలోని కంతలన్నీ అక్కడే బయటపడతాయి.

3. శాంపిల్ తీయకూడని చోట్లు

నెలకు 30 లోపు కేసులు ఉంటే లాటరీ అక్కర్లేదు, అన్నీ చూడండి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ కూడా 30 లోపైతే అన్నీ, 30 నుంచి 100 దాకా 30, 101 నుంచి 500 దాకా 50, అంతకు మించితే 70 అన్న కనీస మెట్లు వాడింది. లెక్క చేయడానికి వీలు లేనప్పుడు ఈ మెట్లు పనికొస్తాయి.

అరుదుగా జరిగే పెద్ద తప్పులను కూడా శాంపిల్‌తో పట్టుకోవాలని చూడకండి. వేరే గ్రూపు రక్తం ఎక్కించడం, ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వడం, వచ్చిన 24 గంటల్లో మరణం లాంటివి ప్రతి ఒక్కటీ చూడాల్సిందే. 60 ఫైళ్లు చూసి ఒక్క తప్పు కూడా కనిపించలేదనుకోండి. అయినా అసలు తప్పుల రేటు 5 శాతం దాకా ఉండొచ్చు. 3ను ఫైళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే పై హద్దు అది. "60లో సున్నా, కాబట్టి మా దగ్గర తప్పులే లేవు" అని ఎవరైనా అంటే ఈ చిన్న భాగహారం చూపించండి.

4. ఎన్ని ఫైళ్లు?

ఫార్ములా ఇది. 1.96ను 1.96తో గుణించండి. దాన్ని అంచనా వాటాతో (ఎంత భాగం కేసుల్లో పని సమయానికి జరిగి ఉంటుందనుకుంటున్నారో ఆ అంకె), మళ్లీ (1 − వాటా)తో గుణించండి. వచ్చినదాన్ని మార్జిన్ × మార్జిన్‌తో భాగించండి.

1.96 అన్నది 95 శాతం నమ్మకానికి వాడే అంకె. వాటా ఎంతో తెలియకపోతే 0.5 పెట్టండి, అప్పుడే ఎక్కువ ఫైళ్లు అడుగుతుంది కాబట్టి నష్టం లేదు. మార్జిన్ అంటే మీ అంకె అటూ ఇటూ ఎంత కదిలినా ఫర్వాలేదన్న హద్దు.

- మార్జిన్ 5 శాతం పాయింట్లైతే: 385
- మార్జిన్ 10 శాతం పాయింట్లైతే: 97

మార్జిన్‌ను సగానికి తగ్గిస్తే పని నాలుగింతలు అవుతుంది. ఒక్కరే ఆడిట్ చేసే ఆసుపత్రిలో 5 పాయింట్ల మార్జిన్ కోసం పట్టుబట్టవద్దు. ఈసీజీ 90 శాతం మందికి సమయానికి తీస్తున్నామా, 60 శాతానికా అని తెలుసుకోవడానికి 10 పాయింట్లు చాలు.

మొత్తం కేసులే తక్కువైతే ఇంకా తగ్గించవచ్చు. భాగించగా వచ్చిన అంకెను, పైకి సవరించకముందే, 96.04 గానో 384.16 గానో తీసుకోండి. అందులోంచి 1 తీసేసి మొత్తం కేసులతో భాగించి, దానికి 1 కలపండి. ఆ వచ్చినదానితో మొదటి అంకెను భాగించండి. మన 180 కేసులకు: 95.04 ÷ 180 = 0.528. 96.04 ÷ 1.528 = 62.9. అంటే 63 ఫైళ్లు.

- 60 కేసులు, 10 పాయింట్లు: 38
- 180 కేసులు, 10 పాయింట్లు: 63, 5 పాయింట్లైతే 123
- 500 కేసులు, 10 పాయింట్లు: 81, 5 పాయింట్లైతే 218
- 3,600 కేసులు, 10 పాయింట్లు: 94, 5 పాయింట్లైతే 348

చివరి రెండు వరుసలు పోల్చి చూడండి. కేసులు ఏడింతలైనా, 10 పాయింట్ల మార్జిన్‌కు 13 ఫైళ్లే పెరిగాయి. "మొత్తంలో 10 శాతం తీస్తే చాలు" అన్న అలవాటు అందుకే తప్పు. చిన్న ఆసుపత్రిలో 10 శాతం మరీ తక్కువ, పెద్ద ఆసుపత్రిలో అనవసరమైన చాకిరీ.

దొరకని ఫైళ్ల కోసం 10 శాతం కలపండి. 63కు 7 కలిపి 70 తీద్దాం.

5. 70 ఎలా ఎంచాలి

ఎంపికలో మనిషి ఇష్టం ఉండకూడదు. "ఏవో కొన్ని తీయమ్మా" అని సిస్టర్‌తో చెబితే, ఆమె ఎంత నిజాయితీగా తీసినా చక్కటి రాతతో ఉన్న సన్నటి ఫైళ్లే వస్తాయి.

*కంప్యూటర్ ఉంటే:* ఎక్సెల్‌లో జాబితా పక్కన ర్యాండ్ ఫంక్షన్‌తో ఒక కాలమ్ నింపండి. వెంటనే ఆ కాలమ్‌ను కాపీ చేసి, విలువలుగా మాత్రమే పేస్ట్ చేయండి. లేకపోతే షీట్ మీద ఏం మార్చినా అంకెలన్నీ మళ్లీ మారిపోతాయి. ఆ కాలమ్ ప్రకారం వరుస పెట్టి మొదటి 70 తీసుకోండి. ఆ జాబితాను తేదీ వేసి దాచండి.

*రిజిస్టర్ మాత్రమే ఉంటే:* క్రమ పద్ధతి వాడండి. 180 ÷ 70 = 2.57. ఇది దూరం. ఒక కరెన్సీ నోటు తీసి సీరియల్ నంబర్ చివరి మూడు అంకెలు చూడండి. 545 అనుకోండి. 0.545 × 2.57 = 1.40. ఇది మొదలు. దానికి 2.57 కలుపుతూ పోండి: 1.40, 3.97, 6.54, 9.11. ప్రతిదాన్నీ పైకి సవరించండి: 2, 4, 7, 10. అలా 70 వచ్చేదాకా. జాబితా సమయం వరుసలో ఉంది కాబట్టి నెలలో అన్ని రోజులకూ శాంపిల్ దానంతటదే పరుచుకుంటుంది.

రోజులను ఎంచుకుని, ఆ రోజు కేసులన్నీ చూసే పద్ధతి జోలికి పోకండి. ప్రతి సోమవారం అని పెట్టుకుంటే ఆదివారం రాత్రి ఎలా నడిచిందో మీకు ఎప్పటికీ తెలియదు. పైగా రెండో నెలకే సోమవారం ఆడిట్ అని అందరికీ తెలిసిపోతుంది.

*షిఫ్టుల మధ్య తేడా తెలియాలంటే:* ముందే మూడు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు నుంచి విడిగా తీయండి. 180లో ఉదయం 60, మధ్యాహ్నం 65, రాత్రి 55 ఉంటే, దామాషా ప్రకారం 23, 25, 22 వస్తాయి. మొత్తం శాతానికి ఇది సరిపోతుంది. కానీ 22 ఫైళ్లతో రాత్రి షిఫ్టు గురించి గట్టిగా ఏమీ అనలేం. షిఫ్టు మీద మాట్లాడాలంటే ఆ షిఫ్టు నుంచి కనీసం 50 కావాలి. అప్పుడు చివరి లెక్క మారుతుంది, అది తొమ్మిదో అడుగులో ఉంది.

6. ఫారం, గడియారాలు, ట్రయల్

ఫారం ఒక పేజీ దాటకూడదు. మన కొలతకు కావలసినవి ఇవే: శాంపిల్ నంబర్, వచ్చిన తేదీ, వచ్చిన సమయం, ఏ రికార్డు చూసి రాశారు, ఈసీజీ సమయం, షిఫ్టు, ఫలితం. ఫలితానికి మూడు గడులు పెట్టండి: సమయానికి తీశారు, ఆలస్యమైంది లేక తీయలేదు, సమయం రాయలేదు.

పేరు, ఫోన్ నంబర్, ఆధార్ ఫారంలో వద్దు. శాంపిల్ నంబర్‌కూ ఆసుపత్రి నంబర్‌కూ సంబంధం చూపే కాగితం ఒక్కరి దగ్గర, తాళంలో ఉండాలి.

ఇక గడియారాలు. రిజిస్ట్రేషన్ కంప్యూటర్, ట్రయాజ్ దగ్గరి గోడ గడియారం, ఈసీజీ మెషిన్, మూడింట్లో మూడు సమయాలు ఉంటాయి. పది నిమిషాల గడువును కొలిచేటప్పుడు మెషిన్ గడియారం ఎనిమిది నిమిషాలు వెనక్కి ఉంటే లెక్కంతా వృథా. నెల మొదటి రోజే ఫోన్‌లో సమయం చూసి అన్నీ కలపండి. పాత నెల ఆడిట్ చేస్తుంటే ఇప్పుడున్న తేడా ఎంతో రాసుకుని, రిపోర్టులో చెప్పండి.

ఓపీ చీటీ మీది సమయాన్ని నమ్మేముందు క్యూ చూడండి. అటెండర్ లైన్లో పావుగంట నిలబడ్డాక చీటీ ప్రింటయితే, రోగి వచ్చింది అంతకు పావుగంట ముందు. ట్రయాజ్ సిస్టర్ రాసిన సమయం, 108 సిబ్బంది అప్పగించిన సమయం ఉంటే, వాటిలో ఏది ముందుంటే దాన్ని తీసుకోండి.

ఇంకో సంగతి గమనించండి. చేత్తో రాసిన సమయాలు 10:00, 10:10, 10:15 అని గుండు అంకెల్లోనే ఉంటే, అవి డ్యూటీ చివర్లో గుర్తు తెచ్చుకుని రాసినవి కావచ్చు. అలాంటి చోట మెషిన్ ప్రింట్ మీదున్న సమయానికే ప్రాధాన్యం ఇవ్వండి.

పది ఫైళ్లతో ట్రయల్ చేయండి. ఒక్కో ఫైలుకు ఎన్ని నిమిషాలు పడుతోందో చూసి 70తో గుణిస్తే, ఎన్ని రోజుల పనో తెలుస్తుంది. ఫారంలో అర్థం కాని గడి ఏదైనా ఉంటే ఇప్పుడే మార్చండి, తర్వాత మార్చడం కుదరదు.

మొదటి అసలు ఫైలు తెరిచే ముందు ఇవి ఉన్నాయా చూసుకోండి:

- సూపరింటెండెంట్ అనుమతి రాతపూర్వకంగా
- ఒక్క వాక్యం ప్రశ్న, ఎవరిని తీసేస్తామో జాబితా
- నంబర్లు వేసిన మొత్తం కేసుల జాబితా
- ఎంపికైన 70 నంబర్లు, ఎలా ఎంచారో ఒక పేరా
- గడియారాల తేడా రాసిన కాగితం
- ట్రయల్ తర్వాత సరిచేసిన ఫారం

7. ఇద్దరు చూడండి

తొలిసారి కనీసం 30 ఫైళ్లను ఇద్దరు, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా చూడాలి. వాళ్లలో ఒకరైనా ఆ క్యాజువాలిటీలో డ్యూటీ చేయనివారైతే మంచిది.

30లో 26 చోట్ల ఇద్దరూ ఒకటే అన్నారనుకోండి. 87 శాతం ఒప్పందం, బాగానే కనిపిస్తుంది. కానీ యాదృచ్ఛికంగా కూడా కొంత కలుస్తుంది కదా. ఇద్దరూ "అవును" అన్నవి 20, ఇద్దరూ "కాదు" అన్నవి 6, మిగతా 4 చెరి సగంగా తేడా వచ్చాయి. ఒక్కొక్కరు 22 సార్లు "అవును" అన్నారు. కాకతాళీయంగా కలిసే వాటా (22/30)×(22/30) + (8/30)×(8/30) = 0.61. ఆ వాటాను తీసేశాక మిగిలే ఒప్పందాన్ని కాపా అంటారు: (0.87 − 0.61) ÷ (1 − 0.61), అంటే 0.66 దాకా. 0.6 దాటితే ముందుకెళ్లవచ్చు. తక్కువైతే మనుషుల్ని తప్పుపట్టకండి, నిర్వచనం సరిగా లేదని అర్థం. తేడా వచ్చిన నాలుగు ఫైళ్లనూ ఇద్దరినీ కూర్చోబెట్టి చదివించండి, ఏ పదం దగ్గర విడిపోయారో అక్కడే తెలుస్తుంది.

8. ఫైల్ దొరకకపోతే

పక్క నంబర్ తీసుకోకండి. ఇది చాలామంది మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ రెండో అడుగులో పడిన కష్టమంతా దీంతో పోతుంది. దొరకని ఫైల్ స్థానంలో దొరికే ఫైల్ పెట్టడమంటే మళ్లీ ర్యాక్ దగ్గరికే వెళ్లడం.

రెండో అడుగులో చెప్పిన చోట్లన్నీ వెతకండి. అప్పటికీ లేకపోతే "దొరకలేదు" అని రాసి, రెండు చివరల లెక్క చేయండి. మన 70లో 63 దొరికాయి, 45 మందికి సమయానికి ఈసీజీ తీశారు. దొరకని ఏడుగురికీ ఆలస్యమైందనుకుంటే 45/70, అంటే 64 శాతం. ఏడుగురికీ సమయానికి తీశారనుకుంటే 52/70, అంటే 74 శాతం. ఈ రెండూ రిపోర్టులో రాయండి. దొరకనివి పదో వంతు దాటితే, శాతం చెప్పడం పక్కనపెట్టి ముందు రికార్డుల సంగతి చూడమని చెప్పాలి.

సమయం రాయని కేసులను లెక్కలోంచి తీసేయకండి. రాయలేదంటే పని జరిగిందని మనం చూపించలేం, కాబట్టి "సమయానికి కాలేదు" వైపే వెళ్తాయి. అలాంటివి ఎన్నో మాత్రం విడిగా చూపించండి. ఆలస్యానికి మందు వేరు, రాయకపోవడానికి మందు వేరు.

9. లెక్క కట్టడం

63లో 45 అంటే 71.4 శాతం. దాని చుట్టూ హద్దు కావాలి. 0.714 × 0.286 ÷ 63కు వర్గమూలం తీసి 1.96తో గుణిస్తే 11 పాయింట్లు వస్తుంది. 180లో 63 చూసేశాం కాబట్టి, (180 − 63) ÷ (180 − 1)కు వర్గమూలం, 0.81తో గుణిస్తే 9 పాయింట్లు. అంటే జూన్‌లో అసలు శాతం 62కూ 80కీ మధ్య ఉందని చెప్పవచ్చు.

ఆ చివరి తగ్గింపును ఎప్పుడు వాడాలో జాగ్రత్త. జూన్ నెల 180 మంది గురించే మాట్లాడుతుంటే వాడండి. "మన క్యాజువాలిటీ ఇలా పనిచేస్తుంది, వచ్చే నెలా ఇలాగే ఉంటుంది" అని చెప్పదలిస్తే వాడకండి, 60 నుంచి 83 అనే చెప్పండి.

శాతం 90 దాటినా, ఫైళ్లు 30 లోపున్నా పై లెక్క సరిగా రాదు, ఒక్కోసారి హద్దు 100 దాటిపోతుంది. అప్పుడు విల్సన్ పద్ధతి వాడండి. ఉచితంగా దొరికే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది.

షిఫ్టుకు సమానంగా 50 చొప్పున తీసినప్పుడు బరువులు కట్టాలి. దీనికి మాత్రం వేరే ఉదాహరణ తీసుకుందాం. మొత్తం 3,600 మందికి 15 నిమిషాల్లో ట్రయాజ్ జరిగిందా అని చూశామనుకోండి:

- ఉదయం 1,400 మంది. 50లో 40, అంటే 80 శాతం
- మధ్యాహ్నం 1,500 మంది. 50లో 38, అంటే 76 శాతం
- రాత్రి 700 మంది. 50లో 27, అంటే 54 శాతం

మూడూ కలిపి 150లో 105, అంటే 70 శాతం అని రాస్తే తప్పు. రాత్రి వచ్చేది తక్కువ మంది, కానీ వాళ్లకు సమానంగా చోటిచ్చాం. 1,400 × 0.80, 1,500 × 0.76, 700 × 0.54 కలిపి 3,600తో భాగిస్తే 73.3 శాతం. ఇదే అసలు అంకె.

ఇందులో అందరూ చూడాల్సింది ఆ 54. ఉదయానికీ రాత్రికీ తేడా 26 పాయింట్లు, దాని హద్దు అటూ ఇటూ 18. అంటే తేడా 8 నుంచి 44 పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కానీ సున్నా అయ్యే అవకాశం దాదాపు లేదు.

సమయాలను చెప్పేటప్పుడు సగటు వాడకండి. ఒక్కరికి మూడు గంటలు ఆలస్యమైతే సగటు మొత్తం పాడవుతుంది. నిమిషాలను వరుసగా పేర్చి మధ్యలోది చెప్పండి, పదిమందిలో తొమ్మిదిమందికి ఎన్ని నిమిషాల్లోపు అయిందో కూడా చెప్పండి.

10. నెలనెలా నడపడం

70 ఫైళ్ల ఆడిట్ ప్రతి నెలా ఎవరూ చేయలేరు. మొదట ఒకసారి పెద్దది, తర్వాత వారానికి 10 చొప్పున లాటరీ తీసి, శాతాన్ని గ్రాఫ్ మీద చుక్కలుగా పెట్టండి. మధ్యలో మీడియన్ (శాతాలను వరుసగా పేర్చితే మధ్యలో వచ్చేది) గీత గీయండి. ఒక వారం పడిపోతే కంగారు పడొద్దు, 10 ఫైళ్లతో అంత ఊగిసలాట మామూలే. వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకే వైపు పడితే నిజంగా ఏదో మారింది.

వార్డు ఇన్‌ఛార్జి తనంతట తాను త్వరగా చూసుకోవాలంటే 19 ఫైళ్ల పద్ధతి ఉంది. ప్రజారోగ్య సర్వేల్లో లాట్ క్వాలిటీ పేరుతో వాడతారు. లక్ష్యం 80 శాతమైతే, లాటరీలో తీసిన 19లో 13 లేదా అంతకంటే ఎక్కువ సరిగా ఉంటే లక్ష్యం అందుతున్నట్టే. 12 లేదా తక్కువైతే వెంటనే చూడాలి. 80 శాతం చోటును, 50 శాతం చోటును ఇది బాగా విడదీస్తుంది, రెండు వైపులా పొరపాటు అవకాశం 10 శాతం లోపే. 65, 70 దగ్గర ఉన్న చోట్లను మాత్రం విడదీయలేదు. "19లో 14 వచ్చాయి, అంటే 74 శాతం" అని రిపోర్టులో రాయకండి, ఈ పద్ధతి దానికోసం కాదు.

11. రిపోర్టు, ఆ తర్వాత

ఒక పేజీ. ప్రశ్న, మొత్తం కేసులు, ఎన్ని తీశాం, ఎన్ని దొరికాయి, ఎన్ని సమయానికి, హద్దు, దొరకనివాటి రెండు చివరల లెక్క, షిఫ్టుల వారీ పట్టిక. హద్దు లేకుండా ఒంటి శాతం రాయకండి, మీటింగ్‌లో అందరికీ అదే గుర్తుండిపోతుంది.

డాక్టర్ల పేర్లు, సిస్టర్ల పేర్లు వద్దు. 70 ఫైళ్లలో ఒక్కో డ్యూటీ డాక్టర్‌కు నాలుగైదు వస్తాయి. అంత తక్కువతో ఎవరి గురించీ ఏమీ తేలదు, పైగా వచ్చే నెల నుంచి అందరి రాతలో ఈసీజీ సమయం తొమ్మిది నిమిషాలే అవుతుంది. స్టాఫ్‌కు ఆడిట్ అంటే టెన్షన్ పట్టుకుంటే, మీకు దొరికే కాగితం నిజాన్ని చూపదు.

రిపోర్టు ఇచ్చిన వారంలోనే ఆలస్యమైన కేసులను సీఎంఓ (క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్), సిస్టర్ ఇన్‌ఛార్జి, ఈసీజీ టెక్నీషియన్‌తో కలిసి ఒక్కొక్కటిగా చదవండి. మెషిన్ ఎక్కడుంది, ఎలక్ట్రోడ్లు ఉన్నాయా, రాత్రి ఎవరు తీస్తున్నారు, మగ సిబ్బంది మాత్రమే ఉన్నప్పుడు ఆడవాళ్లకు ఆలస్యమవుతోందా అని అడగండి. ఒక మార్పు ఎంచుకుని తేదీ రాసుకోండి. ఆ తేదీని గ్రాఫ్ మీద నిలువు గీతగా గీసి, వారానికి 10 ఫైళ్ల లాటరీ అదే జాబితా పద్ధతిలో, అదే నిర్వచనంతో కొనసాగించండి. మూడు నెలలయ్యాక మళ్లీ 70 తీయండి.